లెక్కకు రాని చావులు

1975లో ఇండోనేషియా సైన్యం తూర్పు తిమోర్‌ని ఆక్రమించింది. అక్కడి చావులు లోకానికి పెద్దగా పట్టలేదు. 1991 నవంబర్ 12న దిలీలో, శాంతాక్రూజ్ శ్మశానం దగ్గర జరిగిన కాల్పుల్ని ఒక కెమెరా చూసింది. అప్పుడు లోకం ఉలిక్కిపడింది. 1998లో సుహార్తో గద్దె దిగాక, 1999లో రెఫరెండం, 2002లో స్వాతంత్ర్యం.

అదే 1975లో మొరాకో పశ్చిమ సహారాలోకి దిగింది. 1991లో ఐక్యరాజ్యసమితి మాటిచ్చిన రెఫరెండం ఇప్పటికీ జరగలేదు. సహ్రావీలు అల్జీరియా ఎడారి శిబిరాల్లోనే ముసలివాళ్లవుతున్నారు.

లోకాన్ని నిలదీసే ముందు మనల్ని మనం అడుక్కోవాలి. పాలస్తీనా కోసం దువాకు లేచే మన చేతులు తిమోర్ కోసం ఎందుకు లేవలేదు? చచ్చింది క్రైస్తవులు, చంపింది ముస్లింలు ఎక్కువున్న దేశపు సైన్యం అనా? మరి సహ్రావీలు ముస్లింలే కదా! అక్కడ ఆక్రమించిందీ ముస్లిం రాజ్యమేనని మౌనమా? మన చావుల్ని లెక్కపెట్టమని అడిగే మనం, ఎదుటివాడి శవం ఏ మతానిదని అడగకూడదు. చంపినవాడి మతం చూసి నోరు మూసుకోనూ కూడదు.