దాచుకున్న జబ్బు ఎవరి తప్పు?

సత్తుపల్లి మామిడి తోటల్లో కూలికి వెళ్ళే ఒక సోదరుణ్ణి ఊహించుకోండి. అతనికి హెచ్.ఐ.వి. సోకింది. తొడలు, భుజాలు నొప్పి. కాయల గంప ఎత్తలేకపోతున్నాడు. ఆసుపత్రిలో ఎవరైనా చూస్తారన్న భయంతో మందుల షాపులో నొప్పి బిళ్ళలు కొని మింగుతున్నాడు.

ప్రమాదం అక్కడే ఉంది. ఈ వైరస్ కండరాలనూ, మూత్రపిండాలనూ దెబ్బతీయగలదు. దానికి వాడే మందుల్లో జిడోవుడిన్ కొందరికి కండరాల బలహీనత తెస్తుంది. టెనోఫోవిర్ కొందరి మూత్రపిండాలకు హాని చేస్తుంది. నొప్పి బిళ్ళలు తోడైతే ఆ హాని పెరుగుతుంది. రక్తంలో క్రియాటినిన్ పరీక్ష, మూత్ర పరీక్ష చేయించుకుంటే సంగతి ముందే తెలుస్తుంది. అవసరమైతే డాక్టరు మందు మారుస్తారు. సొంతంగా మందు మానేస్తే మాత్రం ప్రాణానికే ముప్పు.

మన దేశంలో 2004 ఏప్రిల్ 1న ప్రభుత్వం ఈ మందులను ఉచితంగా ఇవ్వడం మొదలుపెట్టింది. 2017లో వచ్చిన చట్టం రోగులపై వివక్షను నిషేధించింది. మందు ఉంది, చట్టం ఉంది. మరి అతను ఎందుకు దాచుకున్నాడు? మన గుసగుసలకు భయపడి!

పుట్టుగ్రుడ్డివాణ్ణి చూసి శిష్యులు ఎవరి పాపమని అడిగారు. ఎవరిదీ కాదని చెప్పి ప్రభువు అతనికి చూపునిచ్చారు. మనం ఇంకా శిష్యుల ప్రశ్న దగ్గరే ఆగిపోయామా?

కలిసి భోంచేస్తే, చేయి పట్టుకుంటే ఈ జబ్బు అంటదు. కనుక మీ విచారణలో ఎవరి జబ్బునూ ఆరా తీయకండి. తానే చెప్పుకుంటే ఆ మాటను మీలోనే దాచండి. పరీక్ష రోజున తోడు వెళ్ళండి. మనం నోరు కట్టుకుంటేనే అతను డాక్టరు దగ్గర నోరు విప్పగలడు.