ఆది

1917 నవంబరు 4, 5, 6 తేదీల్లో బెజవాడ కనకదుర్గమ్మ గుడి తలుపులు మూసి ఉంచారు. గ్రహణానికి కాదు, మైలకీ కాదు. కొండ కింద ఊళ్ళో ఒక సభ జరుగుతోంది. సభకు వచ్చినవాళ్ళు మాలలు, మాదిగలు. వాళ్ళు కొండెక్కి గుళ్ళోకి వచ్చేస్తారేమోనని భయం. అందుకని మూడు రోజులూ తాళం.

నేను ఇంద్రకీలాద్రి ఎక్కినప్పుడల్లా మెట్ల దారినే వెళతాను. మెట్టు మెట్టుకీ వంగి పసుపు రాసి, బొట్టు పెట్టి, మళ్ళీ నడుం ఎత్తి పై మెట్టు చూసుకునే ఆడవాళ్ళు ఎప్పుడూ నా ముందుంటారు. మా అమ్మ కూడా ఒక దసరాకి ఇలాగే ఎక్కింది. సగం దూరం వెళ్ళేసరికి వేళ్ళకు పసుపు చాలక, గిన్నె అడుగున మిగిలింది గోటితో గీకి రాసింది. అమ్మ పుట్టడానికి ఇరవై ఏళ్ళ ముందు ఈ తల్లి తలుపులు మా వాళ్ళ పేరు వింటేనే మూసుకున్నాయన్న సంగతి ఆవిడకు తెలియదు. నాకు తెలుసు. తెలిసీ చెప్పలేదు.

సభ పేరు ప్రథమ ఆంధ్రదేశ పంచమ మహాజన సభ. గుడివాడకు చెందిన గూడూరు రామచంద్రరావు గారు పూనుకుని పెట్టించారు. ఆయన బ్రాహ్మణుడు. అధ్యక్షుడిగా హైదరాబాదు నుంచి భాగ్యరెడ్డి వర్మ గారిని పిలిచారు. అప్పటికి వర్మ గారి వయసు 29 ఏళ్ళు. నైజాం రాజ్యంలో మాల ఇంట్లో పుట్టిన కుర్రవాడు ఇంగ్లీషు వాళ్ళ ఇలాకాలోకి వచ్చి ఇంత పెద్ద సభకు అధ్యక్షత వహించాడంటే, అంతకు ముందు ఆయన చేసిన పని ఎంతటిదో అనుకోవాలి. 1906లోనే జగన్మిత్ర మండలి అని పెట్టి, పేటల్లో హరికథలు చెప్పించాడు. పిల్లలకు బడులు పెట్టాడు. తాగుడు మానమన్నాడు, బాల్యవివాహాలు వద్దన్నాడు, ఆడపిల్లలను దేవుడి పేరు మీద వదిలేయడం ఆపమని ఊరూరా పోరాడాడు.

ఆయన పేరే ఒక కథ. తల్లిదండ్రులు పెట్టింది మాదరి భాగయ్య. ఈ నేలను ఒకనాడు ఏలినవాళ్ళు మీరేనంటూ ఇంటి గురువు రెడ్డి చేర్చాడు. 1913లో ఆర్యసమాజం వాళ్ళు ఆయన సేవను మెచ్చి వర్మ అన్నారు. ఒక్క మనిషి పేరులోనే మూడు పేర్లు. అందుకేనేమో, పేరు అనేది ఎంత పని చేస్తుందో ఆయనకు తెలిసినంతగా మరొకరికి తెలియదు.

బెజవాడలో ఆయన మొట్టమొదట సభ పేరునే ప్రశ్నించాడు. పంచముడు అనే మాట పురాణాల్లో గానీ శాస్త్రాల్లో గానీ ఎక్కడుందని అడిగాడు. నిజమే కదా. వర్ణాలు నాలుగే, ఐదోది లేదని మనుస్మృతే అంటుంది. ఆ లేని ఐదో స్థానాన్నే మాకు పేరుగా పెట్టారు. పంచముడంటే అంకె, అంతే. లెక్క పూర్తయ్యాక మిగిలిపోయినవాడు. ఈ దేశానికి మొదటి నుంచీ ఉన్నవాళ్ళం మనం, ఆది ఆంధ్రులం అన్నాడాయన. పంచమ సభగా మొదలైనది ఆది ఆంధ్ర సభగా ముగిసింది. గుడి తాళం వేసుకున్న ఆ మూడు రోజుల్లోనే.

కొండ పైన మూసిన తలుపుల వెనక ఉన్న అమ్మ ఆదిశక్తి. కొండ కింద ఆ రోజు పుట్టిన పేరు ఆది ఆంధ్ర. రెండు చోట్లా అదే మాట. దాన్ని అమ్మవారికి పెడితే మంత్రమైంది, మాకు పెట్టుకుంటే తాళం వేయవలసిన భయమైంది. ఎన్నిసార్లు తలచుకున్నా నాకు ఒళ్ళు జలదరిస్తుంది.

అయినా ఆ మాట మీద నాకు ఒక పేచీ ఉండేది. ముందు వచ్చినవాడికే గౌరవమా? నిన్న వచ్చినవాడు మనిషి కాడా? ఈ డెల్టా అంతా వచ్చి స్థిరపడినవాళ్ళదే. 1855కి బెజవాడ దగ్గర ఆనకట్ట పూర్తయ్యాక కాలవల వెంట ఎక్కడెక్కడి వాళ్ళో వచ్చి ఊళ్ళు కట్టుకున్నారు. మనిషి మనిషి కావడానికి ఎవరికంటే ముందు పుట్టాడన్న లెక్క అక్కరలేదు కదా అని వాదించేవాణ్ణి. మద్యం, మాంసం మానితే పెద్దమనుషులమవుతామన్నట్టు వర్మ గారు చెప్పినవి చదివినా మనసు చివుక్కుమనేది. గౌరవం కోసం మేమే ఎందుకు శుభ్రపడి చూపించాలి?

ఇప్పుడూ ఆ ప్రశ్న పోలేదు. కానీ మా తాత సంగతి గుర్తొచ్చినప్పుడు గొంతు తగ్గుతుంది.

తాత గుడివాడ పక్క పల్లెలో పాలేరు. ఆ సభకు వెళ్ళలేదు, మాట మాత్రం పేట దాకా నడిచి వచ్చింది. 1941లో నాన్నను బళ్ళో వేయడానికి తీసుకెళితే, పంతులు గారు రిజిస్టరు తెరిచి ఏం కులంరా అన్నారట. ఊళ్ళో తెలియక కాదు, అడగడం అలవాటు. తాత చెప్పులు బయట విప్పేశాడు. పైపంచ తీసి చంకలో పెట్టుకున్నాడు. చేతులు కట్టుకుని, తల వంచుకునే, “ఆది ఆంధ్ర అని రాయండయ్యా” అన్నాడు. నాన్న ఈ సంగతి చెప్పినప్పుడల్లా ఆ చంకలోని పంచ గురించి తప్పకుండా చెప్పేవాడు. నడుం వంగే ఉంది, మాట మాత్రం నిటారుగా నిలబడింది. ఎవరు ముందు, ఎవరు వెనక అన్న నా వాదం అక్కడ ఎందుకు పనికొస్తుంది? ఎవరో పెట్టిన పేరుతో బతికిన మనిషి ఆ రోజు తాను ఎంచుకున్న పేరు చెప్పాడు.

అప్పటికి సర్కారు కూడా ఆ మాటను ఒప్పుకుని చాలా ఏళ్ళయింది. పంచమ, పరయ అనే మాటలు తీసేసి ఆది ఆంధ్ర, ఆది ద్రావిడ అని రాయాలని మద్రాసు ప్రభుత్వం 1922లో ఉత్తర్వు ఇచ్చింది. 1933 డిసెంబరులో గాంధీ గారు హరిజన యాత్ర చేస్తూ బెజవాడ వచ్చారు. హరిజన అన్నది ప్రేమతో పిలిచిన మాటే కావచ్చు. కానీ పిలిచింది ఆయన. ఆది ఆంధ్ర అన్నది మేము. ఈ తేడా చిన్నది కాదు. కొండ మీద తలుపులు మాకు చట్టప్రకారం తెరుచుకోవడానికి 1947 దాకా పట్టింది, మద్రాసు ఆలయ ప్రవేశ చట్టం వచ్చాక.

మొన్న మా మనవరాలి కుల ధ్రువీకరణ పత్రం కోసం పటమటలో వార్డు సచివాలయానికి వెళ్ళాను. కంప్యూటరు దగ్గర కూర్చున్న అమ్మాయి జాబితా తెరిచి, “తాతగారూ, మాల అని కొట్టనా, ఆది ఆంధ్ర అని కొట్టనా? రెండూ ఉన్నాయండి” అంది. మనవరాలు నా వైపు తిరిగి, “ఆది అంటే ఏంటి తాతయ్యా?” అని అడిగింది.

ఇంటికెళ్ళాక చెబుతాను, ఆదివారం కొండకి కూడా తీసుకెళతాను అన్నాను. సంచిలోంచి నాన్న టీసీ తీశాను. మడతల దగ్గర చిరిగితే వెనక పలచటి కాగితం అంటించి దాచుకున్నాను. ఊదా సిరాతో ఉన్న ఆ గడి మీద వేలు పెట్టి చూపించాను. ఆ అమ్మాయి కాగితాన్ని వెలుతురులోకి తిప్పుకుని, అక్షరం అక్షరం చూసుకుంటూ కొట్టింది.