పెట్టె తాళం ఎవరి చేతికి?

మా కోయ గూడెంలో మనిషి పోతే కట్టుకున్న గుడ్డలు, నీళ్లు తాగిన సొరకాయ బుర్ర, చుట్టలు ఆయన వెంటే పంపుతాం. గొడ్డలి కొడుకుకు, విత్తనాల బుట్ట ఇంటికి. పోయినవాళ్ల వస్తువుల గురించి తాతల కాలంలో ఇంతకుమించి మాట ఉండేది కాదు. కాగితం మన ఇళ్లలోకి వచ్చాక ఈ లెక్క మారింది.

2021లో మా అయ్య పోయాడు. ఆయనకు ఒక రేకు పెట్టె ఉండేది. దినాల ముందు రోజు అన్న దాని తాళం నా చేతిలో పెట్టి, "చదువుకున్నోడివి, నువ్వే చూడు తమ్మీ" అన్నాడు. వాకిట్లో చుట్టాలు, ఇరుగుపొరుగు అందరూ కూర్చుని ఉన్నారు. నేను అక్కడే పెట్టె తెరిచాను.

పైన రేషన్ కార్డు, తునికాకు కల్లం కార్డులు. వాటి కింద ఒక నోటుబుక్కు. అయ్య రాత్రి బడిలో నేర్చుకున్న వంకర అక్షరాలతో ఎవరికెంత ఇచ్చాడో రాసుకున్నాడు. నేను బడిలో హాజరు పిలిచినట్టు ఆ పేర్లు గట్టిగా చదివేశాను. మామ వరసయ్యే ఒకాయన పేరు వచ్చింది. ఆయన తల వంచుకుని లేచి వెళ్లిపోయాడు. మర్నాడు దినాలకు రాలేదు.

ఆ రాత్రి అవ్వ నాతో అంది: "మీ అయ్య బతికున్నన్ని రోజులు ఆ మనిషిని ఒక్కనాడన్నా అడిగిండా? ఆయన అడగనిది నువ్వు ఊరి ముందు ఎందుకు అడిగినవ్ బిడ్డా?" నేను డబ్బు అడగలేదు, చదివానంతే. కానీ ఆయనకు రెండూ ఒకటే. వారం తర్వాత వాళ్లింటికి వెళ్లి తప్పు ఒప్పుకున్నాను. నోటుబుక్కు పొయ్యిలో పెట్టాం.

పెట్టె అడుగున ఇంకో కాగితం దొరికింది. దాన్ని మాత్రం అవ్వ పక్కన కూర్చుని మెల్లగా చదివాను. పోడు కొట్టినందుకు 1988లో అయ్య మీద పడిన కేసులో కోర్టు ఇచ్చిన కాగితం అది. పదిహేను రోజులు జైల్లో ఉన్నాడు. "ఖమ్మం దిక్కు మిరప ఏరబోయిండనుకున్న" అంది అవ్వ. ముప్పై మూడేళ్లు ఆయన ఆ మాట చెప్పలేదు.

అదే ఏడాది చివర పోడు భూములకు దరఖాస్తులు తీసుకున్నారు. 2006 అటవీ హక్కుల చట్టం ప్రకారం 2005 డిసెంబరు 13కు ముందు నుంచే సాగులో ఉన్నామని చూపాలి. కోర్టు కాగితాలూ అందుకు సాక్ష్యమే. అయ్య సిగ్గుపడి దాచిందే మా భూమికి ఆధారం. అయినా గ్రామసభ ముందు పెట్టాలా వద్దా అన్నది నేను తేల్చలేదు. అవ్వను అడిగాను. రెండు రోజులు ఆలోచించి, "నేనే తీస్కపోత" అంది. ఆమె చూపించాక మరో ఇద్దరు తమ ఇళ్లలో దాచిన అలాంటి కాగితాలే తెచ్చారు.

పోయినవాళ్ల కాగితాలన్నీ కాల్చేయడమే మేలని కొందరంటారు. నేను ఒప్పుకోను. ఆదిలాబాద్ జిల్లా గుంజాలలో గోండు కుటుంబాలు తరతరాలుగా దాచిన రాతప్రతుల సంగతి 2006లో బయటి లోకానికి తెలిసింది. వాటి వల్లే గుంజాల గోండి లిపి ఇవాళ పిల్లల చేతికి అందుతోంది. ఆ ఇళ్లవాళ్లు వాటిని పాత కాగితాలని పొయ్యిలో పెట్టి ఉంటే?

అలాగని అన్నీ విప్పి చూసే హక్కు మనకుందా? అయ్య పెట్టెలో ముడి వేసిన చిన్న ఎర్ర గుడ్డ ఒకటి ఉంది. లోపల గట్టిగా ఏదో తగిలింది. పూసలో, గాజు ముక్కలో. అవ్వ దాన్ని చేతిలోకి తీసుకుని ఒకసారి నలిపి చూసి, "నాది కాదు" అంది. ఆ తర్వాత ఒక్క మాటా లేదు. ముడి విప్పకుండానే అయ్యను పూడ్చిన చోట పెట్టి వచ్చాం. దాన్ని తెలుసుకోకపోతే ఎవరి భూమీ పోదు, ఎవరి కడుపూ మాడదు. నాకు ఉన్నది కుతూహలం ఒక్కటే. అది చాలదనిపించింది.

యువతీయువకులారా, మీలో చాలామంది మీ ఇంట్లో మొదట చదువుకున్నవాళ్లు. రేపు పెట్టె తాళం మీ చేతికే వస్తుంది. చదువు రాని అమ్మ, అవ్వ మీ నోటి వైపే చూస్తారు. మీరు చదివిందే వాళ్లకు నిజం, మీరు దాచింది వాళ్లకు లేనట్టే. అది పెద్ద అధికారం. కాబట్టి గుంపులో తెరవకండి. దేనివల్ల ఎవరి హక్కు నిలుస్తుందో, దేనివల్ల ఎవరి పరువు పోతుందో చూడండి. ఇంటి పెద్దకు ఉన్నదున్నట్టు చదివి వినిపించి, ఏం చేయాలో వాళ్లనే చెప్పమనండి.

తోటి ఉపాధ్యాయులకూ ఒక మాట. చదవడం నేర్పుతున్నాం. ఎప్పుడు గట్టిగా చదవకూడదో కూడా నేర్పాలి. నాకు అది ఎవరూ నేర్పలేదు. మా మామను చూసి నేర్చుకున్నాను. ఆయన ఇప్పుడు మా ఇంటికి వస్తున్నాడు. కానీ వాకిట్లో ఆ చోట మాత్రం కూర్చోడు.