మొలక చూసిన విత్తనం

విజయవాడలో ఒక లెక్కల మాస్టారు ఉండేవాడు. రిటైరయ్యాక పాత డెస్క్‌టాప్ ఒకటి బాగుచేసి, డెబియన్ ఎక్కించి, ఇంటిల్లిపాదికీ ఫైల్ సర్వర్‌గా పెట్టాడు. దానికి మానిటర్ లేదు, కీబోర్డు లేదు. కూతురి పెళ్లి ఫోటోలు, పొలం పాసుపుస్తకం స్కాన్లు, తండ్రి పాడిన పద్యాల రికార్డింగులు, అన్నీ అందులోనే.

అది కుదురుకునే లోపు చాలా సతాయించింది. ఫైళ్లను ఇంట్లో అందరికీ పంచే సాంబా పెట్టాక కోడలి ల్యాప్‌టాప్ పాస్‌వర్డ్ తప్పంటూ మొరాయించింది. లైనక్స్‌లో యూజర్ ఉంటే చాలదని, సాంబా పాస్‌వర్డులను విడిగా రాసిపెట్టుకుంటుందని, అక్కడా చేర్చాలని తెలిసేసరికి అర్ధరాత్రి దాటింది. ఆ తర్వాత కొడుకు పెట్టిన ఫైలును కోడలు దిద్దబోతే అనుమతి లేదంది. ఇద్దరినీ ఒకే గ్రూపులో చేర్చి, ఆ గ్రూపుకి రాసే హక్కు ఇచ్చాక ఆ తగువు తీరింది. పెళ్లి వీడియో టీవీలో ఎక్కడా ఆగకుండా ఆడిన సాయంత్రం మాస్టారికి కడుపు నిండిపోయింది.

రెండు డిస్కులను ఒకదానికొకటి ప్రతిబింబంగా కట్టాడు. అదీ చాలదని యూఎస్‌బీ డిస్కు ఒకటి తగిలించి, రోజూ రాత్రి రెండింటికి ఫైళ్లు కాపీ చేసే ఆర్‌సింక్ నడిచేలా, వేళకు పనులు మొదలుపెట్టే క్రాన్‌లో రాశాడు. తెల్లారి ఫోన్ చూసుకుంటే ‘పూర్తయింది’ అని మెసేజ్ ఉండేది.

తొలకరి ముందు పల్లె నుంచి వాళ్లమ్మ వచ్చింది. మాస్టారు ఆమెకు అన్నీ చూపించాడు.

“ఇది పాడైతే అదుందమ్మా, అదీ పోతే ఇదుంది.”

“దాచావు, సరే. మొలక చూశావా?” అంది ఆమె.

“మొలకేంటమ్మా?”

“విత్తనం కుండలో పోసి మూత పెట్టినంత మాత్రాన అయిపోతుందట్రా? చచ్చిన గింజా బతికిన గింజా పైకి ఒక్కలాగే ఉంటాయి. అదునుకి ముందే గుప్పెడు గింజలు నానబెట్టి, తడిగుడ్డలో మూటకట్టి చూడాలి. పొలంలో చల్లాక తెలిస్తే ఏం లాభం నాయనా?”

ఆ పూటే మాస్టారు యూఎస్‌బీ డిస్కు ఊడదీసి ల్యాప్‌టాప్‌కి తగిలించాడు. చివరి ఫైలు తేదీ చూసి నిలువునా నీరైపోయాడు. వేసవిలో కరెంటు పోయి వచ్చిన ఒక రోజు తర్వాత అందులో ఒక్క ఫైలూ చేరలేదు.

కారణం వెతికితే, ఏ డిస్కు ఎక్కడ మౌంట్ కావాలో రాసుకునే ఎఫ్‌ఎస్‌ట్యాబ్‌లో దొరికింది. డిస్కును అక్కడ ‘ఎస్‌డీసీ’ అని పేరు పెట్టి రాశాడు. ఆ రోజు మెషీన్ మళ్లీ లేచినప్పుడు ఆ పేరు కార్డ్ రీడర్‌కి పోయి, డిస్కు ‘ఎస్‌డీడీ’ అయింది. డిస్కు దొరక్కపోతే బూట్ మధ్యలో నిలిచిపోకూడదని అంతకుముందే ‘నోఫెయిల్’ కూడా చేర్చి ఉన్నాడు కాబట్టి సిస్టమ్ కిక్కురుమనకుండా ముందుకు సాగింది. డిస్కు మౌంట్ కావాల్సిన చోట ఖాళీ ఫోల్డర్ మిగిలింది. ఆర్‌సింక్ రోజూ అందులోకే, అంటే సిస్టమ్ డిస్కు మీదికే, రాసి ‘పూర్తయింది’ అని చెప్పింది.

మాస్టారు ఆ పేరు తీసేసి, రీబూట్ అయినా మారని గుర్తింపు సంఖ్య యూయూఐడీ రాశాడు. డిస్కు నిజంగా మౌంట్ అయిందో లేదో చూసుకున్నాకే ఆర్‌సింక్ మొదలయ్యేలా స్క్రిప్టు మార్చాడు. ఏ రోజు కాపీ ఆ రోజు తేదీ ఫోల్డర్‌లో పడేలా చేశాడు. మారని ఫైళ్లకు హార్డ్‌లింకులే ఉంటాయి కనుక దానికి పెద్దగా చోటు పట్టదు.

దసరా సెలవుల్లో మనవడు చోటు ఖాళీ చేద్దామని ల్యాప్‌టాప్‌లోంచి పెళ్లి ఫోల్డర్ డిలీట్ చేశాడు. అది సర్వర్‌లోది. రీసైకిల్ బిన్‌లో వెతికితే లేదు. ప్రతిబింబంగా ఉన్న రెండు డిస్కుల్లోంచీ ఒక్క క్షణంలోనే పోయింది. మాస్టారు తొణక్కుండా యూఎస్‌బీ డిస్కులో నిన్నటి తేదీ తెరిచి, ఫోల్డర్ వెనక్కి కాపీ చేసి, భోజనానికి లేచాడు.

నీతి: వెనక్కి తీసి చూడని కాపీని కాపీగా లెక్కపెట్టుకోకూడదు.

ఈ కథలో పనిముట్ల తప్పేమీ లేదు. 1992లో సాంబాకు శ్రీకారం చుట్టిన ఆండ్రూ ట్రిడ్జెల్, 1996లో పాల్ మెకెరాస్‌తో కలిసి ఆర్‌సింక్‌ను తెచ్చాడు. రెండూ చెప్పిన పని చెప్పినట్టు చేసేవే. 1988లో ప్యాటర్సన్, గిబ్సన్, కాట్జ్ డిస్కులను ఇలా జట్టుగా కట్టే రెయిడ్ గురించి రాసినప్పుడు వాళ్లిచ్చిన భరోసా డిస్కు చచ్చిపోయినా పని ఆగకపోవడం వరకే. మనిషి చేత్తో చెరిపిన ఫైలును కాపాడతామని వాళ్లు మాటివ్వలేదు. ఆ మాట మనమే ఊహించుకుని నిశ్చింతగా నిద్రపోతాం. ‘పూర్తయింది’ అన్న మెసేజ్ స్క్రిప్టు ఆగిందని మాత్రమే చెబుతుంది. ఫైలు చేరాల్సిన చోటికి చేరిందని చెప్పదు.

అందుకే నెలకోసారి, సర్వర్ జోలికి పోకుండా, కాపీ ఉన్న డిస్కును వేరే కంప్యూటర్‌కి తగిలించాలి. అన్నిటికంటే కొత్త ఫైలు తేదీ చూడాలి. ఒక పెద్ద వీడియో మధ్యలోకి జరిపి ఆడించాలి, ఒక పాత స్కాన్ తెరిచి అక్షరాలు చదవాలి. ఆ డిస్కు ఇంకో ఇంట్లో ఉంటే మరీ మంచిది. 2024 సెప్టెంబరులో విజయవాడలో బుడమేరు వాగు పొంగి సింగ్‌నగర్ ఇళ్లలోకి నీళ్లొచ్చినట్టు వస్తే, ఒకే గదిలో పెట్టుకున్న డిస్కులు ఎన్ని ఉన్నా వాటన్నిటికీ తగిలే ముంపు ఒక్కటే. ఊరు మారితే ఆ ముప్పు తప్పుతుంది. మాస్టారు ఇప్పుడు పల్లెకు వెళ్లిన ప్రతిసారీ ఒక డిస్కు అమ్మ బీరువాలో పెట్టి, అక్కడున్నది తెచ్చుకుంటున్నాడు.