పూటకూళ్లవానిని కొట్టవచ్చునా?



మన పొలములలో పని నేర్చిన చేతులే నేడు పటాన్‌చెరువు, పాశమైలారము కార్ఖానాలలో యంత్రములను నడుపుచున్నవి. యంత్రములో చేయి పడినను, రసాయనము మీద చిందినను, బొంబాయి రోడ్డున లారీ తగిలినను, గాయపడినవానిని మొదట మోసికొనిపోవునది ఆసుపత్రి అత్యవసర విభాగమునకే. కాబట్టి అక్కడ పనిచేయువారిని కొట్టుట అను పాపము మనకు దూరపు సంగతి కాదు.

2025 జూన్ 30వ తేదీన పాశమైలారములోని సిగాచి కర్మాగారములో పేలుడు సంభవించి 50 మందికి పైగా మరణించిరి. అనేకుల దేహములు గుర్తుపట్టరాకుండ కాలిపోయినందున డి.ఎన్.ఏ. పరీక్ష చేసిన తరువాతనే బంధువులకు అప్పగించిరి. దూర రాష్ట్రములనుండి వచ్చినవారు పటాన్‌చెరువు ఆసుపత్రియొద్ద దినములు కనిపెట్టుకొనియుండిరి. అట్టి దుఃఖమును ఎవరు తూచగలరు?

దుఃఖము మొదట కారణమును వెదకును. కారణము దొరకనప్పుడు ఒక మనిషిని వెదకును. ఆపదకు బాధ్యులైనవారు ఎక్కడనో యుందురు. ఎదుట నిలిచియుండువారు చిన్న డాక్టరు, నర్సు, స్ట్రెచరు నెట్టు వార్డుబాయి. కోపము దోషిని వెదకదు, దగ్గరనున్నవానిని పట్టుకొనును.

మన జిల్లాలో చికిత్స చాలని రోగులను సికింద్రాబాదులోని గాంధీ ఆసుపత్రికి పంపుచుందురు. అక్కడనే 2020 జూన్ 9న ఒక కరోనా రోగి మరణింపగా, బంధువులు డ్యూటీలోనున్న జూనియర్ డాక్టరుమీద కుర్చీతో దాడిచేసిరి. తోడి డాక్టర్లు నిరసనగా వెలుపలికి వచ్చి రోడ్డుమీద కూర్చుండిరి. 2024 సెప్టెంబరులో అదే ఆసుపత్రి అత్యవసర విభాగములో ఒక రోగియే మహిళా డాక్టరుమీద పడెను. ఆలోచించుడి: అట్టి దెబ్బ ఒక్కరికే తగులునా? డాక్టరు చేయి వణకినప్పుడు, ప్రక్క మంచముమీద ఊపిరికై పెనుగులాడుచున్నవాని గతి యేమి? అతడును ఒక తల్లి కుమారుడే గదా!

“మేము ముందు వచ్చితిమి, వెనుక వచ్చినవానిని ముందు చూచిరి” అని కొందరు మండిపడుదురు. అత్యవసర విభాగము రేషను దుకాణపు వరుస కాదు. అక్కడ వచ్చిన వేళను గాక, ఊపిరిని, రక్తస్రావమును, స్పృహను చూచి వరుస నేర్పరచెదరు. కాలు విరిగి కేకలు వేయువాడు కొంతసేపు ఓర్చుకొనగలడు. కేక వేయుటకైనను శక్తిలేనివాడు ఓర్చుకొనలేడు.

“నిజముగా అలక్ష్యము చేసినయెడల నేమి చేయవలెను?” అని మీరడుగుదురు. న్యాయమైన ప్రశ్నయే. మంచములు చాలని చోట్లు గలవు, మనుష్యులు చాలని చోట్లు గలవు, కఠినముగా మాటలాడువారును గలరు. అప్పుడు చీటీలన్నియు దాచుకొని, సూపరింటెండెంటునకు వ్రాసి యియ్యుడి. మెడికల్ కౌన్సిలునకు, పోలీసులకు ఫిర్యాదు చేయుడి. వ్రాసిన ఫిర్యాదు రేపటి రోగికి మేలు చేయవచ్చును. కొట్టిన దెబ్బ అతనికి కీడే చేయును. పైగా 2008లో చేసిన చట్టము ప్రకారము వైద్య సిబ్బందిని కొట్టినవానికి 3 సంవత్సరములవరకు జైలు, 50,000 రూపాయలవరకు జుల్మానా విధింపవచ్చును. పాడుచేసిన సామానుకు రెండింతలు చెల్లింపవలెను.

మంచి సమరయుని కథ మన పిల్లలకును తెలియును. త్రోవలో పడియున్నవానిని మోసికొనివచ్చిన సమరయుని మెచ్చుకొందుము గాని, ఆ భారమును అందుకొనిన పూటకూళ్లవానిని ఎవరు తలంతురు? సమరయుడు రెండు దేనారములిచ్చి, మిగిలినది తిరిగి వచ్చి తీర్చెదనని నమ్మకముతో వెళ్లెను. గాయపడినవాడు ఒకవేళ ఆ తరువాత మరణించియుండినయెడల, ఆ సమరయుడు తిరిగి వచ్చి పూటకూళ్లవానిని కొట్టియుండునా? లెక్క అడిగియుండవచ్చును, చేయి ఎత్తియుండడు.

కావున ఆపద రాకమునుపే మీ యిండ్లలో ఈ మాట అనుకొనుడి. రోగితో లోపలికి ఒకరిద్దరు చాలును. తక్కినవారు వెలుపల నుండవలెను. వారిలో నెమ్మదిగల పెద్ద యొకడుండి, ఉడుకు రక్తపు పడుచువాని చేయి పట్టుకొనవలెను. ఆ రాత్రి అతడు పట్టుకొనిన ఆ చేయి ఒక డాక్టరును, ఒక రోగిని, ఆ పడుచువానినికూడ కాపాడవచ్చును.