పానమును స్పర్థయు

మద్యమును గూర్చి మాటాడు పెద్దలలో రెండు తెగలవారు మనకు తఱచుగా కన్పట్టుచున్నారు. కల్లుముంత పేరు వినినంతనే చెవులు మూసికొని తొలగువారు కొందఱు. ఎవరి పాపము వారిదని చేతులు దులుపుకొని కూర్చుండువారు కొందఱు. మొదటివారు విచారింపకయే తీర్పు చెప్పుదురు. రెండవవారు తీర్పు చెప్పవలసివచ్చునని విచారణయే మానుదురు. కాని నీతివిషయమున కష్టమైన ప్రశ్నలన్నియు ఈ రెండు తెగలకును నడుమ నున్నవి. అట్టి ప్రశ్న నొకదానిని నేడు చదువరుల యెదుట నుంచుచున్నాము. అమ్మకమునకు గాక, ధనమునకు గాక, తన పనితనమును మిత్రులకు చూపుటకై యింట పానీయమును పులియబెట్టి, ఎవరిది మేలైనదో చెప్పుడని తోడివారి నడుగు మనుష్యుడు త్రాగుబోతుతో సమానుడా? కాడేని, భేద మెక్కడ నున్నది? ఇది సముద్రముల కావలి ప్రశ్నయని కొట్టివేయరాదు. మా పోలవరమునకు ఎగువనున్న కొండలలో ఇదే ప్రశ్న యొకప్పుడు నెత్తురు చిందించినది.

ముందుగా ఆ వేడుక యెట్టిదో చూతము. పాశ్చాత్యదేశములలో బీరు అను యవసురను ఇంటనే కాచుకొను అభిరుచి గలవారు అనేకులు గలరు. ఇంగ్లండులో పూర్వము దీనికి లైసెన్సు పుచ్చుకొని పన్ను చెల్లింపవలసియుండెను. 1963లో ఆ నిబంధన తొలగినది. అమెరికాలో 1920 మొదలు 1933 వఱకు మద్యనిషేధము సాగెను. అది తొలగిన పిమ్మట ఇంట ద్రాక్షాసవము చేసికొనుటకు అనుమతి లభించినను బీరునకు లభింపలేదు. 1978లో అధ్యక్షుడు కార్టరు సంతకము చేసిన చట్టముతో గాని ఆ కొఱత తీరలేదు. ఆ చట్టము ప్రకారము పెద్దవాడొక్కడే యున్న యింట సంవత్సరమునకు 100 గ్యాలనులు, ఇద్దఱు గాని అంతకు మించి గాని యున్న యింట 200 గ్యాలనులు, అనగా సుమారు 757 లీటర్లు, పన్ను లేక చేసికొనవచ్చును. ఒక్క చుక్కయైనను అమ్మరాదు. మఱుసటి యేట, 1979లో, అక్కడి జాతీయపు పోటీ మొదలైనది.

ఈ పనిలో విద్య యేమున్నదని యడుగుదురేమో. యవలను నానబెట్టి, మొలకెత్తించి, ఆరబెట్టి, నలుగగొట్టి, వేడినీట సుమారొక గంట యుంచవలెను. ఆ నీటి వేడి ఇంచుమించుగా 65 డిగ్రీల చెంత నిలువవలెను. మిక్కిలి హెచ్చినచో గింజలోని పిండి చక్కెరగా మారదు. ఆ తియ్యని కషాయమున హాప్సు అను తీగపూవులను వేసి మరగించి, చల్లార్చి, ఈస్టు కలిపి, దినములతరబడి వేచియుండవలెను. పాత్ర కడుగుటలో ఇసుమంత యేమఱినను రుచి చెడును. ఆ చెడుటకు సూక్ష్మజీవులు కారణమని పాస్త్యూరు 1876లో బీరును గూర్చి వ్రాసిన గ్రంథమున విశదపఱచెను. 1883లో కార్ల్స్‌బర్గు ప్రయోగశాలయందు హాన్సెను శుద్ధమైన ఈస్టును వేఱుచేసి పెంచెను. పెరుగునకు తోడువేయు గృహిణులకును, తరవాణికుండను తరతరములుగా కాపాడిన మన ముత్తవ్వలకును ఈ జాగ్రత్త క్రొత్తది కాదు. పులియుట ప్రకృతి పని; దానిని తగినచోట ఆపగలుగుట మనుష్యుని నేర్పు.

పోటీ నడచు తీరు మఱింత గమనింపదగినది. తీర్పరుల యెదుటికి వచ్చు పానీయములకు పేర్లుండవు. అంకెలు మాత్రమే యుండును. ఎవడును తాను పాల్గొనిన తరగతికి తానే తీర్పరి కారాదు. 1985లో ఏర్పడిన తీర్పరుల సంస్థ పద్ధతి ప్రకారము మార్కులు మొత్తము 50. వాసనకు 12, చూపునకు 3, రుచికి 20, నోటికి తగులు తీరునకు 5, సమగ్రాభిప్రాయమునకు 10. మార్కులు వేసినంత మాత్రమున తీర్పరి పని ముగియదు. దోషమేమి, అది యెట్లు పుట్టియుండును, ఎట్లు మానును అని కాగితముపై వ్రాసి చేసినవానికి పంపవలెను. బడిలో పిల్లల వ్యాసములు దిద్దు మావంటివారికి ఈ పద్ధతి ఆదరణీయముగా తోచుటలో వింత లేదు. పేరు చూడక దిద్దుట, తప్పు చూపినచోటనే దిద్దుబాటు దారియు చూపుట, ఈ రెండును అలవడిన ఉపాధ్యాయుడు చాల అరుదు.

ఇందొక సూక్ష్మమున్నది. మత్తెక్కిన నాలుక తీర్పు చెప్పజాలదు. కనుక తీర్పరి గ్రుక్కెడేసి మాత్రమే పుచ్చుకొనును. త్రాగుబోతునకు కావలసినది మత్తు, వానికి రుచితో పని లేదు. ఈ తీర్పరికి కావలసినది రుచి, మత్తు వీనికి శత్రువు. పైకి ఒకే గ్లాసు పట్టినట్లు తోచు ఈ యిద్దఱును నిజమునకు ఎదురెదురు దిక్కులకు నడచుచున్నారు.

పోటీ యనినంతనే మా గోదావరీమండలమున సంక్రాంతి కోడిపందెములు జ్ఞప్తికి వచ్చును. చట్టము నిషేధించినను బరులు వెలయుచునే యున్నవి. కత్తి కట్టిన పుంజు ప్రాణము విడుచును. పందెము కాచినవాడు ధనము విడుచును. ప్రక్కనే మద్యము పాఱుచుండును. అచ్చట గెలిచినవానికి గుణమేదియు హెచ్చదు. ఓడినవానికి పాఠమేదియు దక్కదు. దీనికి ఎదురుగా వేసవిలో మన వీథులలో నడచు వేఱొక పోటీ గలదు. క్రొత్తావకాయ కలిపిన పిమ్మట ఇల్లాలు గిన్నెలతో ఇరుగుపొరుగులకు పంపును. “వదినగారూ, మీ ఆవఘాటు మాకు కుదరలేదండీ” అని యొకరు మెచ్చుదురు. “ఉప్పు పిసరంత హెచ్చినదేమో పిన్నిగారూ” అని యొకరు మెల్లగా సూచింతురు. ఎవరును ఓడరు, మఱుసటి యేటికి వీథి యావకాయ యంతయు మెఱుగగును. మాత్సర్యము ఎదుటివాడు తగ్గవలెనని కోరును. స్పర్థ తాను పెరుగవలెనని కోరును. ఇంటిబీరు పోటీని దాని పద్ధతినిబట్టి చూచినచో అది కోడిబరికి గాక ఆవకాయజాడీకి దగ్గఱచుట్టము.

అయితే పద్ధతి మంచిదైనంత మాత్రమున పదార్థము మంచిదగునా? నేర్పు దొంగకును ఉండును. ఈ యాక్షేపణ బలమైనది, దీనిని దాటిపోరాదు.

మన పూర్వులు ఈ విషయమును ఒకే తీరున తేల్చలేదు. మనుస్మృతి సురను గౌడి, పైష్టి, మాధ్వి యని మూడు విధములుగా విభజించి ద్విజోత్తములకు మూడింటిని నిషేధించినది. భారతమున శుక్రాచార్యుడు సురతో కలిసిన కచుని భస్మమును తా నెఱుగక త్రాగి, ఆ వివేకభ్రంశమునకు వగచి, పానమును మహాపాతకముగా శాసించెను. ఆ యాదిపర్వకథను తెనిగించిన నన్నయభట్టారకుడు మన రాజమహేంద్రవరమువాడే. మౌసలపర్వమున యాదవులు ప్రభాసతీర్థమున త్రాగి యొకరి నొకరు చంపుకొనిరి. అయినను కౌటిల్యుని అర్థశాస్త్రము సురాధ్యక్షప్రకరణమున, గృహస్థులు తమ యింటి కార్యములయందు తెల్లసురను, ఔషధార్థము అరిష్టమును స్వయముగా చేసికొనుటకు సమ్మతించినది. ఉత్సవములకును యాత్రలకును నాలుగు దినముల వెసులుబాటు నొసగినది. తక్కిన మద్యవ్యాపారమంతయు రాజు చేతిలోనిది. ధర్మశాస్త్రము త్రాగువాని యాత్మను చూచినది. అర్థశాస్త్రము రాజు బొక్కసమును చూచినది. కాని యింటికుండయు అంగడికుండయు ఒకటి గావని ఆ రాజనీతిజ్ఞుడు గుర్తించినమాట నిజము.

ఆ భేదము పుస్తకములలోనిదే కాదు. మా పోలవరమునకు ఎగువ పాపికొండలలో కొండరెడ్లును కోయలును నివసింతురు. జీలుగుచెట్టు వారి ఆప్తబంధువు. ఆ చెట్టు చాల యేండ్లు పెరిగి, పూవు పట్టుట మొదలిడిన పిమ్మట పైనుండి క్రిందికి గెలలు వైచుచు, కడపటి గెలతో తానును నశించును. గెల కోసి కుండ కట్టినచో కల్లు దిగును. దిగునప్పుడు తియ్యన, ప్రొద్దెక్కినకొలది పులుపు. దానిని దాచుటకు వీలు లేదు. దాచరాని సొత్తు పంచుకొనక తీరదు గనుక, చెట్టు క్రిందనే సొరకాయబుఱ్ఱతో పదిమందికి వంచుట ఆచారమైనది. ఎవరి చెట్టు కల్లు తియ్యన, ఎవరిది ఘాటు అను మాటలు అచ్చటను నడచును. అంకెలు వేసిన సీసాలు లేకున్నను, అదియు స్నేహస్పర్థయే.

దొరతనమువారు ఆ కుండపై చేయి వేసిరి. కొండవారు తమ యింటివాడుకకైనను కల్లు గీచికొనరాదని క్రొత్త ఆబ్కారీనిబంధనలు శాసించెను. ఆ యాదాయము గుత్తదారుల పాలయ్యెను. దానిపై రంపదేశపు మన్సబుదారు చిగురుపన్ను వసూలు చేసెను. 1879 మార్చిలో రంపపితూరీ చెలరేగుటకు గల కారణములలో ఇది ముఖ్యమైనది. కొండవారు త్రాగుటకై తిరుగబడిరని దీనికి అర్థము చెప్పుట అన్యాయము. తన యడవిలో తన చెట్టుకు తాను కుండ కట్టుటకు పరునికి పైకము చెల్లింపవలసిరాగా, ఆ యవమానమును వారు సహింపలేదు.

43 సంవత్సరముల పిమ్మట, 1922లో, ఆ కొండలలోనే అల్లూరి సీతారామరాజు పితూరీ నడపెను. అతడు కొండవారికి మద్యమును మానుడనియు, తగవులను కోర్టులకు గాక పంచాయతీలకు తెచ్చుకొనుడనియు బోధించియుండెను. ఒక పితూరీ కల్లుపై హక్కు కోరినది; వేఱొక దాని నాయకుడు కల్లును విడువు మనెను. ఇవి పరస్పరవిరుద్ధములా? కావని మా నిశ్చయము. పరుడు పెఱికికొన్నదానిని విడిచితినని చెప్పుకొనుట హాస్యాస్పదము. చెట్టు తనదైన నాడే మానుటయు తనదగును. హక్కులేనివాని నిగ్రహము నిర్బంధము. హక్కుగలవాని నిగ్రహమే నీతి.

మద్యనిషేధపు చరిత్రయు దీనినే బోధించుచున్నది. 1937 అక్టోబరు 1న సేలం జిల్లాలో మొదలైన నిషేధము 1948 నాటికి మదరాసు రాజధాని యంతట వ్యాపించెను, కాలక్రమమున సడలెను. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారా అంగడిని మూయించిరి. ఆ యుద్యమము ఫలితముగా 1993లో సారాయు, 1995 జనవరిలో సమస్తమద్యమును నిషిద్ధములయ్యెను. 1997లో ఆ నిషేధమును ప్రభుత్వమే తొలగించెను. ఆ స్త్రీలు యెదిరించినది పులియుటను గాదు. మగవాని కూలిడబ్బు ఇల్లు చేరకమునుపే అంగడి చేరుచుండెను. దానిని వారు ఎదిరించిరి. అంగడికి త్రాగువాడు ఆపలేకపోవుటయందే లాభము. ఇంటికుండ నిండుకొన్ననాడు ఖాళీగా నిలుచును. అంగడికి నిండుకొనుట యనునది లేదు. అమ్మకము ప్రవేశించినప్పుడు ఒకని బలహీనత వేఱొకని జీవనోపాధి యగును. పానపు దోషములలో ఘోరమైనది ఇదియే.

ఇంతమాత్రమున ఇంటికుండ నిర్దోషియని మేము పలుకుటలేదు. మద్యము క్యాన్సరు కారకమని అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధనసంస్థ 1988లోనే నిర్ణయించినది. ఇంత త్రాగిన హానిలేదని చెప్పదగిన పరిమాణమే లేదని ప్రపంచ ఆరోగ్యసంస్థ 2023లో ప్రకటించినది. పనితనమను గౌరవనామము వ్యసనమునకు మేలిముసుగు కావచ్చును. వ్యసనపరులలో పెక్కురు మొదటి గ్లాసును శత్రువు చేతినుండి గాక మిత్రుని చేతినుండియే పుచ్చుకొనిరి. ఇంటికుండ పిల్లవాని కన్నులయెదుట నుండును. తండ్రి దేనిని ప్రేమతో కడిగి తుడిచి కాపాడునో అది మంచిదని వాడు తలంచును. మన రాష్ట్రమున లైసెన్సు లేక బీరు కాచుట నేరమనియు మఱువరాదు. కనుక ఈ వేడుకను మన యిండ్లకు దిగుమతి చేసికొనుడని మేము సలహా యీయము. తీర్పు చెప్పునప్పుడు మాత్రము తూనిక సరిగానుండవలెనని కోరుచున్నాము.

ఆ తూనికకు మూడు రాళ్లు చాలునని మాకు తోచినది. మొదటిది, అతిథి వలదనినప్పుడు ఆ మాటకు అచ్చట గౌరవమున్నదా? రెండవది, ఆ కుండకు పెట్టిన పైకము ఎవరి కంచములోనిది? మూడవది, రేపు ఆ కుండ లేకున్నను ఆ స్నేహము నిలుచునా? ఈ రాళ్లతో తూచినచో, గ్రుక్కెడు చవిచూచి దోషము వ్రాసి పంపు విదేశీయుని పోటీ చాలవఱకు నిలుచును. జీలుగుచెట్టు క్రింది కొండవాని బుఱ్ఱయు చాలవఱకు నిలుచును. పెండ్లివిందులలో వలదన్నవానిని పిఱికివాడని యెగతాళిచేయు పట్టణపు నాగరకత మొదటి రాతికే తేలిపోవును. ఎన్నికల రాత్రులలో ఉచితముగా పోయబడు సీసా మూడు రాళ్లకును తేలిపోవును. కాని మన సంస్కర్తల కోపము తఱచుగా కొండవాని బుఱ్ఱమీదికే పోవుచున్నది. అది దూరముగా నున్నది, ఎదురుచెప్పదు.

పోలవరపు ఆనకట్ట కారణముగా కొండరెడ్ల పల్లెలు పెక్కులు నిర్వాసితుల కాలనీలకు తరలినవి. ఇండ్లు కట్టి యీయవచ్చును, పొలము కొలిచి యీయవచ్చును. జీలుగుచెట్టు పెకలివచ్చి బండి యెక్కదు. చెట్టు క్రింద పదిమందితో కూర్చుండి పుచ్చుకొను అలవాటు గలవాడు, చెట్టులేని చోట, పనిలేని సాయంకాలమున, చేతిలో పరిహారపు పైకముతో ఎటు నడచునో ఊహించుట కష్టము కాదు. షెడ్యూలు ప్రాంతములలో మత్తుపదార్థముల అమ్మకమును నిషేధించుటకు గాని క్రమపఱచుటకు గాని గ్రామసభకు శక్తి కల్పింపవలెనని 1996 నాటి చట్టము విధించినది. ఆ చట్టమును చదివి వారికి తెలియజెప్పి, ఆ సభలో స్త్రీలకు ముందువరుసలో చోటిప్పించుట నేటి సంస్కర్త చేయదగిన పని. త్రాగవలెనా మానవలెనా యనుట వారు తేల్చుకొనవలసిన ప్రశ్న. ఊరి మొదట అంగడి తెఱవవలెనా వలదా యనుటయు వారి ప్రశ్నయే. దానికి మనము గాని, గుత్తదారుడు గాని, బొక్కసము గాని వారికి బదులుగా ఉత్తరమీయరాదు.