దారి ఖర్చులు

ఆస్పత్రి ఏదని అడిగితే మనం భవనం చూపిస్తాం. గేటు, ఓపీ చీటీలిచ్చే కిటికీ, మందుల వాసన, వరండాలో దుప్పట్లు పరుచుకున్న జనం. వైద్యం ఆ గేటు దగ్గరే మొదలై ఆ గేటు దగ్గరే ముగుస్తుందని ప్రభుత్వాలూ అనుకుంటాయి, మనమూ అనుకుంటాం. ఎన్ని పడకలున్నాయి, ఎందరు డాక్టర్లున్నారు, ఏ మిషన్లు వచ్చాయి అన్న లెక్కలన్నీ గేటు లోపలివే. రోగి ఆ గేటు దాకా ఎలా వచ్చాడన్నది రోగి సొంత గొడవ. ఈ విభజన న్యాయమైనదేనా అని నాకు చాలాకాలంగా అనుమానం. రాయగడలో కాపురమున్న తెలుగువాడికి ఇలాంటి అనుమానం రావడానికి వేదాంతం చదవనక్కర్లేదు, రైల్వే టైంటేబులు చదివితే చాలు.

బళ్ళారి, హోసూరు, షోలాపురం పాఠకులకు మా వైపు సంగతి తెలియకపోవచ్చు. రాయగడ, కోరాపుట్, జయపురం ఒకప్పుడు మద్రాసు రాజధానిలోని విశాఖపట్నం జిల్లాలో ఉండేవి. 1923లో విశాఖలో కింగ్ జార్జి ఆస్పత్రి తెరిచిననాడు అది మాకు పొరుగు రాష్ట్రపు ఆస్పత్రి కాదు, మా జిల్లా ఆస్పత్రే. 1931లో పార్వతీపురం నుంచి మా మీదుగా రాయపూర్ దాకా రైలుదారి పూర్తయింది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడింది. గీత మాకు దిగువన పడింది. ఆ గీత మీద నాకు ఫిర్యాదు లేదు. భాష పేరున రాష్ట్రం కావాలని ఒడియా వాళ్ళు కోరుకున్నారు, మనకంటే ముందే సాధించుకున్నారు. మా పిల్లలు ఒడియాలో చదివారు, నేను ఆ భాషలోనే ఉద్యోగం చేశాను.

కాని జబ్బు మాత్రం 1936కు ముందటి దారి వదల్లేదు. ఒంట్లో బాగోలేనివాడు కటకం వైపు కాదు, విశాఖ వైపు చూస్తాడు. రైల్లో నాలుగు గంటలు అటూ ఇటూ. దూరం ఒక కారణం, భాష రెండోది. పోటుకీ, మంటకీ, తీపుకీ, సలుపుకీ తేడా డాక్టరుకు చెప్పాలి కదా. నాకు ఒడియాలో ఆఫీసు ఉత్తరం తప్పు లేకుండా రాయడం వచ్చు. నొప్పి మాత్రం ఆ భాషలో రాదు.

మా వైపు రైలుదారులు మనుషుల కోసం వేసినవి కావన్నది ఇక్కడ గుర్తుంచుకోవాలి. రాయపూర్ లైను విశాఖ రేవుకు సరుకు చేరవేయడానికి. 1960లలో వేసిన కొత్తవలస-కిరండూల్ లైను బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని జపానుకు పంపడానికి. మనుషులు ఆ తరువాత ఎక్కారు. ఈ రెండో లైను మీద దశాబ్దాలుగా తిరుగుతున్న పగటి ప్యాసింజరునే చూడండి. పొద్దున్నే విశాఖలో బయలుదేరి అరకు, కోరాపుట్, జయపురం మీదుగా పైకి పోతుంది. ఎదురు బండి పొద్దున్న కిరండూల్‌లో బయలుదేరి రాత్రికి విశాఖలో దిగుతుంది. అరకు చూడబోయేవాళ్ళకు ఇంతకంటే చక్కని వేళలుండవు. 2017లో వాళ్ళ కోసం అద్దాల పెట్టె కూడా తగిలించారు. అదే బండిలో కోరాపుట్ నుంచి రోగిని తెచ్చేవాడి మాటేమిటి? ఓపీ చూసేది పొద్దున్న, బండి చేరేది రాత్రి. ఆ మధ్య రాత్రి ప్లాట్‌ఫారం మీదో, ఏ సత్రం అరుగు మీదో. తరువాతి కాలంలో రాత్రి నడిచే ఎక్స్‌ప్రెస్ ఒకటి వచ్చి ఆ లోటు కొంత తీర్చింది, కాదనను. అది చిన్న స్టేషన్లలో ఆగదు. కొండ మీంచి డోలీలో మోసుకొచ్చిన మనిషిని దించేది ఆ చిన్న స్టేషన్లోనే.

రోగుల మీద పగబట్టి ఎవరూ ఈ వేళలు రాయలేదు. అసలు చిక్కంతా అక్కడే ఉంది. టైంటేబులు రాసేటప్పుడు రాసేవాడి మనసులో ఎవరో ఒక ప్రయాణీకుడు మెదులుతూ ఉంటాడు. సెలవు మీద వెళ్ళేవాడో, ఉద్యోగానికి పోయేవాడో, ఉత్త ఖనిజమో. ఆ మనసులో రోగి ఎప్పుడూ లేడు. చెడ్డతనమైతే నిలదీయవచ్చు. తలపుకు రాకపోవడాన్ని ఎవరిని పట్టుకుని అడుగుతాం?

మా వీధిలో ఒక పెద్దావిడ ఉండేది. మా వైపు అక్కను అప్ప అంటాం, ఆవిడ వీధి వీధందరికీ అప్పే. వడియాలూ అప్పడాలూ చేసి అమ్మేది. గుండె జబ్బని తేలింది. కోత అక్కర్లేదు, మాత్రలు వాడుతూ నెలకోసారి వచ్చి చూపించుకోమన్నారు ఒక పెద్దాస్పత్రిలో. రెండు నెలలు కొడుకును వెంటబెట్టుకుని వెళ్ళింది. ప్రతిసారీ తిరిగొచ్చాక మా అరుగు మీద కూర్చుని వేళ్ళ మీద లెక్క చెప్పేది. రెండు టిక్కెట్లు, స్టేషను దగ్గర ఆటో, మధ్యాహ్నం ఇద్దరి తిండి, కొడుకు పోగొట్టుకున్న కూలి, తిరుగు బండి తప్పితే రాత్రి ఖర్చు. "మందులు ఊరికే ఇత్తారు బాబూ, మందుల కాడికి ఎల్లడానికే డబ్బులు," అనేది. అవి 2021, 22 నాటి రోజులు. కరోనాకు 2020 మార్చిలో ఆపేసిన ప్యాసింజరు బండ్లు ఎక్స్‌ప్రెస్ స్పెషళ్ళని పేరు మార్చుకుని తిరిగొచ్చాయి. కనీస ఛార్జీ పది రూపాయల నుంచి ముప్పై అయింది. మళ్ళీ పది కావడానికి 2024 ఫిబ్రవరి దాకా పట్టింది. మూడో నెల అప్ప వెళ్ళలేదు. "నాకు బాగానే ఉంది కదా," అంది. ఏడాది తిరక్కుండానే పోయింది.

పెద్ద కర్మ నాడు వచ్చినవాళ్ళంతా ఒకటే మాట. బిడ్డల మీద భారం పడకూడదనుకుంది, ఎంత త్యాగం, మహాతల్లి అని. ఆ మాట నాకు మింగుడు పడలేదు. ఇప్పటికీ పడదు. శిబి చక్రవర్తి తొడ కోసి త్రాసులో వేశాడంటే ఎదుటి పళ్ళెంలో ఒక పావురం ప్రాణం ఉంది. అప్ప తన ప్రాణాన్ని త్రాసులో పెట్టినప్పుడు ఎదుటి పళ్ళెంలో ఉన్నవి రెండు రైలు టిక్కెట్లూ ఒక ఆటో కిరాయీ. దాన్ని త్యాగమంటే శిబికీ అవమానమే, అప్పకీ అవమానమే. నీ ప్రాణం ఖరీదు ఎంతో నువ్వే కట్టుకో అని లోకం ఒక ముసలిదానికి లెక్క అప్పజెప్పింది. ఆవిడ తక్కువ కట్టింది. తక్కువ కట్టినందుకు మెచ్చుకుంది.

జబ్బు కలిగినవాడికీ వస్తుంది, లేనివాడికీ వస్తుంది, చావూ అంతే. ఇది మనం తరచు చెప్పుకునే ఓదార్పు. అయితే కలిగినవాడికి ఎన్నడూ ఎదురుకాని ప్రశ్న ఒకటుంది. 'ఈ నెల ఆస్పత్రికి వెళ్ళడం నాకు తగునా?' అన్నది. అసమానత్వం జబ్బులో లేదు, ఈ ప్రశ్న ఎవరిని అడుగుతున్నామన్న దానిలో ఉంది. ప్రయాణం కష్టమైనకొద్దీ వైద్యం ఒక హక్కు కాకుండా, రోగి తన అంతరాత్మతో పడే పేచీ అయిపోతుంది.

రైల్వే రాయితీలున్నాయి కదా అంటారు. ఉన్నాయి. 2020 మార్చిలో వృద్ధుల రాయితీ ఆపేసినప్పుడు కూడా రోగులవి ఉంచారు, అది మంచి పని. క్యాన్సరు రోగికి స్లీపరులో టిక్కెట్టే ఉండదు, వెంట వచ్చేవాడికి ముప్పాతిక తగ్గుతుంది. తలసీమియా, క్షయ, డయాలిసిస్ చేయించుకునే మూత్రపిండాల రోగులకూ రాయితీ ఉంది. గుండె రోగికి మాత్రం కోతకు వెళ్ళేటప్పుడే. నెలనెలా మాత్రల కోసం వెళ్ళే అప్పలాంటి వాళ్ళు అందులోకి రారు. ఇంకొకటి గమనించండి. ఈ రాయితీకి ఆస్పత్రి ఇచ్చిన కాగితం కావాలి. ఆ కాగితం రావాలంటే ముందు ఆస్పత్రికి చేరాలి. ఏం జబ్బో తెలియని భయంతో మనిషి చేసే మొదటి ప్రయాణానికి ఏ రాయితీ లేదు. వాయిదా పడేదీ, జబ్బు ముదిరేదీ ఆ మొదటి ప్రయాణంలోనే.

108 వాహనం సంగతి కూడా అంతే. ఆంధ్రప్రదేశ్‌లో 2005లో మొదలైన ఆ సేవను తక్కువ చేసి మాట్లాడితే కళ్ళు పోతాయి. అది ఆపద వేళకు. జబ్బుల్లో ఎక్కువ భాగం ఆపదలు కావు, కాపురాలు. వారానికి రెండు మూడుసార్లు డయాలిసిస్‌కు పోయేవాడికి సైరను వేసుకొచ్చే బండి ఏం చేస్తుంది? వాడికి కావలసింది వేళకు వచ్చే బస్సు.

న్యాయస్థానాలు ఈ ముక్క ఎప్పుడో గ్రహించాయి. హిమాచల్ కొండల్లోని వాళ్ళకు రోడ్డు కావాలన్న కేసులో 1986లోనే సుప్రీంకోర్టు, కొండప్రాంతం వాళ్ళకు రోడ్డు బతికే హక్కులో భాగమేనంది. పదేళ్ళ తరువాత బెంగాల్ కేసు. రైలు నుంచి జారిపడి తలకు గాయమైన ఒక కూలీని కలకత్తాలో పడక లేదంటూ ఆస్పత్రి నుంచి ఆస్పత్రికి తిప్పారు. డబ్బు లేదన్నది ప్రభుత్వం తప్పించుకోవడానికి సాకు కాదని 1996లో తీర్పు వచ్చింది. రోడ్డును హక్కన్నాక ఆ రోడ్డు మీద వేళకు వచ్చే బస్సు హక్కు కాకుండా ఎలా పోతుందో నాకు బోధపడదు. బస్సు లేని రోడ్డు కారున్నవాడికే రోడ్డు.

ఇంత దూరం మోసుకెళ్ళడం దేనికి, ఆస్పత్రినే దగ్గరకు తేవచ్చు కదా అని ఒక మిత్రుడు వాదించాడు. తేవాలి, తెచ్చారు కూడా. 2017లో కోరాపుట్‌లో వైద్య కళాశాల వచ్చింది. అయినా ప్రతి ఊరికీ క్యాన్సరు ఆస్పత్రి రాదు. కష్టమైన జబ్బుకు ఎప్పుడూ ప్రయాణం తప్పదు. దగ్గరి ఆస్పత్రిలో మొదటి మాట చెప్పేదీ, 'ఇక పెద్దాస్పత్రికి వెళ్ళండి' అనే. ఆ మాట అన్నవాడికి ఏ బండి ఎక్కాలో చెప్పే బాధ్యత లేదా?

ఇక మనలాంటి వాళ్ళకు మాత్రమే పట్టే చిక్కొకటుంది. ఆడవాళ్ళకు ఉచిత బస్సు ప్రయాణం తమిళనాడులో 2021లో, కర్ణాటక, తెలంగాణల్లో 2023లో, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15న వచ్చింది. తమిళనాడు మాట వేరు, తక్కిన మూడుచోట్లా ఆ రాష్ట్రపు చిరునామా ఉన్న కార్డు చూపాలి. పార్వతీపురంలో బస్సెక్కిన వదినా మరదళ్ళను ఊహించుకోండి. ఒకరిని గీతకు అటు ఇచ్చారు, ఒకరిని ఇటు. ఇద్దరిదీ ఒకే ఆస్పత్రి, ఒకే డాక్టరు, బహుశా ఒకే జబ్బు. ఒకరికి సున్నా టిక్కెట్టు, ఒకరికి పూర్తి ఛార్జీ. బళ్ళారి నుంచి కర్నూలుకు, హోసూరు నుంచి బెంగుళూరుకు పోయేవాళ్ళూ తమ తమ లెక్కలు వేసుకోవచ్చు. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదన్నట్టు, ఉన్న రాష్ట్రం తన గీత దాటాక మనల్ని ఎరగదు, భాష పంచుకున్న రాష్ట్రం కార్డు చూసి ఎరగదు.

ఇందులో ప్రభుత్వాల వాదన తీసిపారేయదగ్గది కాదు. తన జనం కట్టిన పన్నుతో తన జనానికి పెట్టింది. ఊరందరికీ పెట్టమనడానికి మనమెవరం? తీర్థయాత్రకో పెళ్ళికో పోయేటప్పుడు టిక్కెట్టు కొనమంటే కొందాం. నేనడిగేది చేతిలో ఓపీ చీటీ ఉన్న మనిషి గురించి. సర్కారు ఆస్పత్రిలో ఆ చీటీ రాసేటప్పుడు నీది ఏ రాష్ట్రమని చూసి వెనక్కి తిప్పి పంపరు. గేటు లోపల అడ్డురాని గీత గేటు బయట బస్సులో అడ్డమెందుకు రావాలి? లోపల చేసేది ధర్మమైతే బయట చేయవలసింది కూడా అదే ధర్మం. లేదా రెండూ దయే అనుకోవాలి. అప్పుడు ఆస్పత్రి తలుపు మూసినా మనం నోరెత్తలేం.

వేళల విషయంలో మాత్రం ఇంత తేలిగ్గా తీర్పు చెప్పలేను. విహారానికి పోయేవాడి సౌకర్యానికీ రోగి అవసరానికీ మధ్య అయితే తగవే లేదు. పట్నంలో పనికి పోయే కూలీకీ రోగికీ మధ్య వస్తే? ఎనిమిదింటికి విశాఖ చేర్చే బండి కూలీకీ పనికొస్తుంది, కాని రోగికి మధ్యాహ్నం తిరుగుబండి కావాలి, కూలీకి సాయంత్రం దాటాక కావాలి. పెట్టెలు తక్కువ, లైను మీద సరుకు బండ్ల రద్దీ. ఇద్దరిలో ఎవరు ముందన్నది నేను గీటు గీసి చెప్పలేను. ఎప్పుడూ ఆగి దారి ఇవ్వవలసింది ఖనిజమేనని మాత్రం చెప్పగలను.

2025 జనవరి 6న రాయగడ రైల్వే డివిజనుకు శంకుస్థాపన జరిగింది. పాత వాల్తేరు డివిజనులో ఒక ముక్క విశాఖ వైపు, ఒక ముక్క మా వైపు. మా ఊళ్ళో సంబరాలు చేసుకున్నారు, నాకూ సంతోషమే. గీత ఇప్పుడు పట్టాల మీద కూడా పడింది కనుక ఒకే బండికి సగం దూరం ఒక ఆఫీసు, సగం దూరం మరొక ఆఫీసు వేళలు కుదర్చాలి. ఆ బల్ల చుట్టూ కూర్చునేవాళ్ళలో ఒక్కరికైనా విశాఖలో ఓపీ చీటీలు ఎన్ని గంటలకు మొదలుపెట్టి ఎన్నింటికి ఆపేస్తారో తెలిసి ఉండాలి. తెలియకపోతే రాయగడ, సింగపూర్ రోడ్డు, పార్వతీపురం స్టేషన్లలో తెల్లవారుజామున దుప్పటి కప్పుకుని, ఒళ్ళో పాత ఎక్స్‌రే కవరు పెట్టుకుని కూర్చున్న వాళ్ళుంటారు. ఎవరినడిగినా చెబుతారు.